లప్పం కింద పేర్లు

బొమ్మని కాగితంలో చుట్టడం చిన్నపిల్లల పని అనుకుంటారు చాలామంది. పెట్టెలో ఉన్న బొమ్మయితే నిజమే. పెట్టె లేనిదాన్ని, అందులోనూ నాలుగు కాళ్ళూ ఓ తోకా ఉన్నదాన్ని చుట్టి చూడండి. చెవుల దగ్గర కాగితం చిరుగుతుంది. కాళ్ళ దగ్గర ఉబ్బుతుంది. తోక ఎటు మడిచినా బయటికి తొంగిచూస్తుంది. పిల్ల పొట్లం చేతిలోకి తీసుకోగానే "గుర్రం" అని చెప్పేస్తే ఇక విప్పడంలో మజా ఏముంది? అందుకని ముందు కాళ్ళ మధ్య గుడ్డపీలికలు కూరాలి. పైన అట్టముక్క చుట్టాలి. ఆ తర్వాతే రంగుకాగితం. అంచులు మడిచి, జిగురు రాసి, గోటితో గట్టిగా గీయాలి. చివరికి పురికొస. ఆ ముడి మాత్రం నాది నాదే. కొసలు రెండూ వెనక్కి దోపి, కిందినుంచి మళ్ళీ లాగుతాను. దాన్ని వేయడం, విప్పడం ఇంకెవరికీ చేతకాదు. మిగతావాళ్ళు కత్తెరతో కోసుకోవాల్సిందే.

నేను వడ్రంగిని. తలుపులు మోయనని నడుము మొరాయించాక, టీచరమ్మ నడిపే బొమ్మల సెల్లార్లో కుదురుకున్నాను. పాత మూడంతస్తుల ఇంటి కింద, పధ్నాలుగు మెట్లు దిగితే వస్తుంది ఆ గది. కిటికీ లేదు. పగలైనా రాత్రయినా ఒకటే బల్బు. జనం వద్దనుకున్న బొమ్మలు ఏడాది పొడుగునా గోనెసంచుల్లో వస్తాయి. విరిగినవి అతికి, రంగులేసి, క్రిస్మస్ ముందురోజు సాయంత్రానికి కాగితాల్లో చుట్టి, వీధి చివర ఉన్న పిల్లల ఆసుపత్రికి పంపిస్తాం. చెక్కబొమ్మలు నావి. గుడ్డబొమ్మలు కుట్టుపని చేసే చెల్లెమ్మవి. చెల్లెమ్మ అంటే తోడబుట్టింది కాదు. ఆవిడ నన్ను అన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను, ఇద్దరం పొద్దస్తమానం పోట్లాడుకుంటాం.

సెల్లార్లో రూలు ఒకటే. పేరు ముందు, పొట్లం తర్వాత. చీటీ మీద పిల్ల పేరు రాసి బొమ్మ మెడలో కట్టనిదే రంగుకాగితం ముట్టుకోకూడదు. ఒకసారి పేరు కట్టాక ఆ బొమ్మ ఆ పిల్లదే, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. వార్డులో అందరినీ ముద్దుపేర్లతోనే పిలుస్తారు కాబట్టి చీటీల మీదా అవే. ఎన్నో ఏళ్ళు ఆ చీటీలు టీచరమ్మే రాసి కట్టేది. నాకు అక్షరం ముక్క రాదు మరి.

చీకటి పడ్డాక అదే సెల్లార్లో టీచరమ్మ పెద్దవాళ్ళకి రాత్రిబడి పెట్టింది. నన్ను రమ్మంటే మూడేళ్ళు రానన్నాను. అందరూ నన్ను మొండి తాత అంటారు. అసలు పేరు పెట్టి పిలిచే మనిషి మా ఆవిడ ఒక్కతే, ఆవిడతోపాటే ఆ పేరూ పోయింది. "మొండి తాతగారూ, మీ పేరైనా మీరు రాసుకోరా?" అంది టీచరమ్మ ఓ రోజు. ఆ మాట పొడుచుకుంది. అరవైతొమ్మిదో ఏట పలక పట్టాను. నా అసలు పేరులో ఒత్తులెక్కువని ముందుగా 'మొండి' అనే నేర్పించింది. మకి ఒత్వం, పక్కన సున్నా, డకి గుడి. ఆ కాస్త పేరుకీ నాకు పదకొండు రాత్రులు పట్టింది.

నేను చెప్పబోయే ఏడు, చీటీలు రాసే పని మొదటిసారి నా చేతికిచ్చారు. మా చిట్టి ఆసుపత్రిలో ఉన్నదీ ఆ ఏడే.

చిట్టి నా మనవరాలు. అప్పటికి ఆరేళ్ళు. మేడమెట్లు రెండేసి చొప్పున దిగబోయి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా పిండికట్టు వేశారు. కాలు తప్ప ఒళ్ళంతా కులాసా. పండగ వెళ్ళిన వారంలో ఇంటికి పంపించేస్తామన్నారు డాక్టరుగారు. మా కోడలు పగలూ రాత్రీ దాని పక్కనే ఉండేది. క్రిస్మస్ పొద్దున వార్డులో పంచే పొట్లాల్లో మా చిట్టిదీ ఒకటి ఉంటుంది. ఆ పొట్లం నా చేతుల మీదుగా వెళ్ళాలి, చీటీ మీద నా అక్షరాలుండాలి. ఆ ఏడాది నా ఆశల్లా అదే.

దానికోసం ఓ చెక్కగుర్రాన్ని ఏరిపెట్టాను. మూరెడు పొడుగు, నాలుగు చక్రాలు, మెడలో తాడుకి కన్నం. ఎవరో నేర్పరి చేసింది. ఒకే దుంగలోంచి తీసిన ఒళ్ళు, ఎక్కడా అతుకు లేదు. ఆకుపచ్చ రంగు. ఎడమవైపు ముందు చక్రం ఊడి ఉంది. గుర్రాల్లాంటివి ఏడాదికి పదైనా వస్తాయి, చక్రాలు ఊడేవే ఎక్కువ. పట్టించుకోలేదు. రూలు ప్రకారం ముందే చీటీ రాశాను. 'చిట్టి' అని రాసి, తడి ఆరేదాకా ఊది, గుర్రం మెడలో కట్టి, పనిలోకి దిగాను.

మామూలుగా నేను పాతరంగు పూర్తిగా తీయను. నిజం చెప్పుకోవాలంటే బద్ధకం. పైపైన గరుకు ఉప్పుకాగితంతో రుద్ది, గీతలూ గుంటలూ ఉంటే లప్పం కూరి, ఆరాక మీద కొత్త రంగు కొట్టేవాణ్ణి. లప్పం అంటే చెక్కలో సొట్టలు పూడ్చే తెల్లటి ముద్ద. అది పెడితే పాత గాయం కనబడదు. కానీ ఇది చిట్టిది. చెక్క కనిపించేదాకా గీకుదామని కూర్చున్నాను.

"అన్నయ్యా, ఆ గుర్రానికి పెళ్ళిగానీ చేస్తున్నావా, తెగ సింగారిస్తున్నావు?" అంది చెల్లెమ్మ, బొమ్మ పొట్టలో దూది కూరుతూ.

"మా చిట్టికి."

"అదీ సంగతి. ఊళ్ళో పిల్లలకి పైపూత, మనవరాలికి లోపూత."

"నువ్వు నీ సూది చూసుకో."

ముందు చక్రం సంగతి చూద్దామని గుర్రాన్ని పొట్ట పైకి వచ్చేలా తిప్పాను. ఇరుసు పక్కన చెక్కలో నాలుగు వెదురు చీలలు దిగి ఉన్నాయి. వరసగా, ఒకదాని పక్కన ఒకటి. చక్రాలకి ఇనుప మేకు కొట్టకుండా వెదురు చీల దించేది నేనొక్కణ్ణే. చీల తల కొంచెం ఏటవాలుగా కోస్తాను. ఈ నాలుగూ అలాగే కోసి ఉన్నాయి.

అంటే ఇదే గుర్రం, ఇదే చక్రం, నాలుగుసార్లు నా దగ్గరికొచ్చింది. ఏడాదికోసారి.

"చూశావా నా పనితనం," అన్నాను చెల్లెమ్మతో. "తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తోంది."

"పనితనం బాగుంటే ఎందుకు తిరిగొస్తుంది?"

గుర్రాన్ని బల్లకి ఆనించి గీకడం మొదలుపెట్టాను. పొట్ట మీద ఆకుపచ్చ రంగులో ఏవో గీతలున్నాయి. ఇలాంటి గీతలు ఇంతకుముందూ చూశాను, పిల్లలు మేకుతో గీకి ఉంటారనుకుని లప్పం పెట్టేశాను. ఇప్పుడు కళ్ళజోడు సర్దుకుని చూస్తే, గీతలు కావు. అక్షరాలు.

"ప... ండు. పండు."

నా అంతట నేను, పుస్తకంలో కానిది, ఎవరూ చూపించనిది చదవడం అదే మొదలు. సంబరంతో ఇంకా గీకాను. ఆకుపచ్చ కింద ఎరుపు. ఆ ఎరుపులో, నేను పోయినేడు కూరిన లప్పం తెల్లగా బయటపడింది. ఆ తెల్లటి గీతలూ అక్షరాలే. 'బంగారి.' దాని కింద పసుపు, పసుపులో తెల్లగా 'చింటు.' దాని కింద నీలం, నీలంలో 'చిన్నోడు.' ఉల్లిపొరల్లా ఒక్కో రంగు కింద ఒక్కో పేరు. ఆ పైది తప్ప, వరసగా మూడేళ్ళు ఆ పేర్లని నా చేత్తో నేనే పూడ్చాను.

"ఆడుకున్న పిల్లలు పేర్లు చెక్కుకున్నారు, చూడు," అన్నాను.

చెల్లెమ్మ వచ్చి వంగి చూసింది. ఆవిడకి చదువొచ్చు. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చూసింది.

"నలుగురు పిల్లలైతే రాత ఒకటే ఉందేం?"

"పిల్లల రాతలన్నీ ఒకలాగే ఉంటాయి, కోడి గెలికినట్టు."

"పిల్లల రాత కాదిది. నీ రాత. ఈ సున్నా చూడు, మూత పడకుండా పైన తెరిచే ఉంది. నీ సున్నాలన్నీ ఇంతే కదా, టీచరమ్మ రోజూ తిట్టేది దీనికేగా?"

"నీకు మతిపోయింది. నాలుగేళ్ళ కిందట నాకు అక్షరాలెక్కడివి?"

"అవునులే," అని నవ్వింది. "నా కళ్ళజోడు మార్చాలి." కానీ వెళ్ళి తన పీట మీద కూర్చున్నాక కూడా రెండుసార్లు ఇటు చూసింది.

చెక్క బయటపడింది. తేనెరంగులో, ఈనె చారలు సన్నగా, ఎంత అందమైన చెక్కో. ఉప్పుకాగితం పట్టి నున్నగా చేశాను. అరచేత్తో రాస్తే పాల మీద రాసినట్టుంది. ఒక్క గీత లేదు. అయిదో చీల దించి చక్రం బిగించాను. తెల్లరంగు కలిపేలోపు టీ తాగొద్దామని, గుర్రాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, సెల్లార్ తలుపు గొళ్ళెం వేసి పైకెళ్ళాం. చెల్లెమ్మ టీ తాగి అటునుంచి అటే ఇంటికెళ్ళిపోయింది. నేనొక్కణ్ణే దిగాను. గొళ్ళెం వేసినట్టే ఉంది.

గుర్రం బల్ల మీద లేదు. నేల మీద, నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. తలుపుకేసి చూస్తోంది.

జారి పడి ఉంటుంది అనుకున్నాను. పడ్డ బొమ్మ నిలబడదని వడ్రంగికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా అలాగే అనుకున్నాను. గదిలో జిగురు వాసన, రంగు వాసన ఎప్పుడూ ఉండేవే. వాటి కింద సన్నగా ఇంకో వాసన. ఫినాయిల్. ఆసుపత్రి నేల తుడిచినప్పుడు వచ్చేది.

మెట్ల మీద అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడ్డాను. ఆసుపత్రి ఆయా. ఏటా పొట్లాలు తీసుకెళ్ళడానికి తోపుడుబండితో వచ్చేది ఆవిడే. బండి పైన వదిలి కిందికి దిగింది. ఫినాయిల్ వాసన ఆవిడ చీరదే కాబోలనుకుని స్థిమితపడ్డాను.

"అయ్యాయా తాతా? బయట అప్పుడే చీకటి పడిపోయింది."

"ఒక్కటే మిగిలింది. మా చిట్టిది." నా చదువు చూపించుకోవాలని నోరు దురద. "ఇదిగో ఆయా, నీకు వార్డులో పిల్లలందరూ తెలుసుగా. పండు అంటే ఎవరు?"

ఆవిడ మొహంలో నవ్వు ఉన్నపళాన ఆగిపోయింది.

"ఏ పండు?"

"పండు, బంగారి, చింటు, చిన్నోడు. ఈ గుర్రం పొట్ట మీద ఉన్నాయి పేర్లు. చదివాను."

ఆయా గుర్రాన్ని అప్పుడు చూసింది. చూసి, వెనక్కి ఒక మెట్టెక్కింది.

"దాని రంగేదీ?"

"గీకేశాను."

"కిందటేడు పచ్చది," అంది మెల్లిగా. "అంతకుముందు ఎర్రది. చక్రం చప్పుడు మాత్రం ఒకటే." ఇంకా గొంతు తగ్గించింది. "పండు పండగ వెళ్ళిన నాలుగో రోజున పోయాడు తాతా. గవదబిళ్ళలు తగ్గిపోయాయి, మర్నాడు ఇంటికి పంపాలి. బట్టలు కూడా సర్దుకుంది వాళ్ళమ్మ. తెల్లారి చూస్తే..."

"మిగతావాళ్ళు?"

"అందరూ ఇంటికెళ్ళాల్సినవాళ్ళే. జబ్బు ముదిరినవాళ్ళు ఒక్కరూ కాదు. ఏడాదికి ఒక్కరు. నాలుగో రోజు. ఆ మూడు రాత్రులూ వార్డులో టక్... టక్... అని వినబడుతుంది. లేచి చూస్తే గుర్రం మంచం పక్కనే ఉంటుంది. లాగేవాళ్ళెవరూ ఉండరు."

నాకు కోపం వచ్చింది. భయమేస్తే నాకు ముందు కోపమే వస్తుంది. "తెలిసి తెలిసీ ఏటా గోనెసంచిలో వేసి నా దగ్గరికెందుకు తెస్తున్నావు?"

"నేనా?" ఆయా నావంక వింతగా చూసింది. "నేను ఏ ఏడూ తేలేదు. బంగారి పోయిన రోజు నర్సమ్మ దాన్ని పొయ్యిలో పెట్టించింది. నా కళ్ళతో చూశాను, బూడిదయింది. మళ్ళీ పండక్కి పచ్చరంగు వేసి నువ్వే పంపావు. నువ్వే కొత్తవి చేయిస్తున్నావనుకున్నా."

బల్బు ఒకసారి మినుకుమంది.

నేను గుర్రాన్ని ఎత్తి తిప్పాను.

పొట్ట మీద, నేను నున్నగా చేసిన చెక్క మీద, పేరుంది. చిట్టి. లోతుగా. అక్షరాల అంచున చెక్కపేళ్ళు సన్నగా చుట్టుకుని ఇంకా ఊడకుండా ఉన్నాయి. అప్పుడే చెక్కినట్టు.

ఆయాకి చదువు రాదు. నా మొహం చూసి చదువుకుంది.

"చీటీ తీసెయ్ తాతా," అంది గుసగుసగా.

మెడలో చీటీ తెంపి నలిపేశాను. ఉలి తీసుకుని పేరు చెక్కి పారేశాను. మందంగా, ఒక పొర మొత్తం లేచిపోయేలా. పేళ్ళు కిందపడ్డాయి. చెక్క మళ్ళీ శుభ్రంగా ఉంది.

అప్పుడు కరెంటు పోయింది.

కిటికీ లేని గదిలో చీకటి ఎలా ఉంటుందో మీకు తెలుసా? కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. కుడిచేత్తో గుర్రాన్ని బల్లకేసి అదిమి పట్టుకున్నాను. అరచేయి దాని పొట్ట మీద ఉంది. ఎడమచేత్తో అగ్గిపెట్టె వెతుకుతున్నాను.

కర్...

"ఏంటి తాతా ఆ చప్పుడు?"

కర్... కర్...

ఉలి కొస చెక్క మీద నడిచే చప్పుడు. యాభై ఏళ్ళు విన్నాను, పొరపాటు పడను. ఉలి నా చంకలో ఉంది. చప్పుడు నా అరచేతి కింద. చెక్క కదులుతోంది... గోరు తగిలినట్టు... లోపలినుంచి.

ఆయా ఎలాగో కొవ్వొత్తి వెలిగించింది. చెయ్యి తీశాను. చిట్టి. ఈసారి ఇంకా లోతుగా.

మళ్ళీ చెక్కి పారేశాను. కొవ్వొత్తి వెలుగులోనే, కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఒక్కసారి రెప్ప వేశాను. అంతే. మొదటి అక్షరం గుడి వచ్చేసింది.

ఖాళీగా ఉండదు అది. అప్పటికి నాకర్థమయింది. దానికో పేరు కావాలి. పేరు లేని బొమ్మ ఈ గది దాటదు. మా రూలు అది మాకంటే బాగా నేర్చుకుంది.

పేరు కట్టాక ఆ బొమ్మ ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. అదీ రూలే.

"వెలుగు దగ్గరగా పట్టుకో," అన్నాను. "నేను రెప్ప వేస్తే నువ్వు చూస్తుండు. నువ్వు వేస్తే నేను చూస్తుంటాను."

"ఏం చేస్తున్నావు తాతా?"

"నా పేరు రాస్తున్నాను."

ఆ వచ్చిన గుడి గీకేసి, ఉలి కొస ఆనించాను. ఆనించాక, ఏం రాయాలో మర్చిపోయాను. పదకొండు రాత్రులు దిద్దిన పేరు. పలక మీద నిద్రలో కూడా రాయగలను. ఇప్పుడు మనసు తుడిచిన పలకలా ఉంది. మ ఎటునుంచి మొదలవుతుంది? ఎడమనుంచా, పైనుంచా? ఆయాని అడుగుదామంటే ఆవిడకి అ ఆ లు రావు. కొవ్వొత్తి బొటనవేలంత మిగిలింది. మైనం ఆవిడ చేతి మీద పడుతోంది, ఆవిడ కదలడం లేదు.

"తాతా... కింద చూడు..."

ఉలి కొసకి పక్కన, జానెడు దూరంలో కూడా కాదు, చెక్క తనంతట తాను సన్నగా చిట్లుతోంది. దాని అక్షరం అది రాసుకుంటోంది. తొందరేమీ లేకుండా.

టీచరమ్మ గొంతు గుర్తు తెచ్చుకున్నాను. మకి ఒత్వం. ఉలి దిగింది. పక్కన సున్నా. తెరిచిన సున్నా, మూయడానికి తీరిక లేదు. డకి గుడి. ఒక్కో గీతకీ ఉలి పక్కకి జారబోయింది, కానీ ఆగలేదు. మొండి అని పేరు పెట్టినందుకు ఆ ఒక్క పూటైనా న్యాయం చేశాను.

గుడి పూర్తయ్యింది. పక్కన చిట్లుతున్న చెక్క ఆగింది. సగం అక్షరం దగ్గర. ఆ సగాన్ని గీకేశాను. మళ్ళీ రాలేదు.

ఫినాయిల్ వాసన పోయింది. ఆయా ఇంకా నా పక్కనే ఉంది.

నా పేరుతోనే చీటీ రాసి మెడలో కట్టాను. గుడ్డపీలికలు కూరి, అట్ట చుట్టి, నక్షత్రాల కాగితంలో పొట్లం కట్టి, నా ముడి వేశాను. చెల్లెమ్మ వదిలేసి వెళ్ళిన గుడ్డబొమ్మ ఒకటుంది, ఒక కన్ను నల్ల బొత్తాం, ఒకటి గోధుమరంగుది. దానికి చిట్టి పేరు కట్టి బండిలో వేశాం. నా పొట్లం చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళాను.

పొద్దున్నే వార్డుకి వెళ్ళాను. చిట్టి అప్పటికే కాగితం చింపేసి బొమ్మని ఒళ్ళో పెట్టుకుంది. నన్ను చూసి మూతి ముడిచింది.

"బాగుంది తాతా. కానీ గుర్రం అన్నావుగా?"

"నేనెప్పుడన్నానే?"

"రాత్రి అన్నావు. మంచం కిందనుంచి."

మా కోడలు నవ్వింది. "కల వచ్చినట్టుంది మామయ్యా, రాత్రంతా ఒకటే కలవరింతలు." నేనూ నవ్వాను. మంచం కిందికి వంగి చూడడానికి నడుము సహకరించలేదని చెప్పుకున్నాను.

నాలుగో రోజుకి ముందు రాత్రి దాని మంచం పక్కన బల్ల మీద కూర్చుని తెల్లవార్లూ దాని ఊపిరి విన్నాను. తెల్లారింది. చిట్టి లేచి విడ్డూరంగా నావంక చూసి, "నీకు ఇల్లు లేదా తాతా?" అంది. వారానికి ఇంటికొచ్చింది. కట్టు విప్పారు. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, మెట్లు మూడేసి చొప్పున దిగుతుంది. ఆ తర్వాత ఆ వార్డులో నాలుగో రోజు ఎవరికీ ఏమీ కాలేదని ఆయా ఏటా వచ్చి చెప్పి వెళ్తుంది.

నాకూ ఏమీ కాలేదు. నాలుగో రోజు నేనూ ఎదురుచూశాను, ఒట్టిదే. ముసలి ముండ్లచెట్టుని ఏ గాలి పీకుతుంది అనుకున్నాను. పొట్లం నా మంచం కింద రేకుపెట్టెలో ఉంటుంది. తాళంచెవి నా మొలతాడుకి. రాత్రిళ్ళు ఒక్కోసారి లోపల టక్ మంటుంది, నేను పెట్టెని మడమతో ఒక తన్ను తన్నుతాను, ఊరుకుంటుంది. నేనున్నంతకాలం అది నాది, ఇంకొకరికి వెళ్ళడానికి లేదు. అందుకే ఈమధ్య దగ్గు ఎక్కువైతే డాక్టరుగారు పెదవి విరిచినా, నాకిప్పుడు పోవడానికి తీరదు అని చెప్పేశాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

ఏటా క్రిస్మస్ ముందురోజు పొట్లం విప్పి, పేరు చూసుకుని, కొత్త కాగితం చుడతాను. నిరుడూ, అంతకుముందేడూ నా పేరు నా పేరులాగే ఉంది. మూతపడని సున్నాతో సహా.

ఇవాళ విప్పాను. తలుపు వేసుకుని, పగటి వెలుగులో, కిటికీ దగ్గర కూర్చుని. కాగితం నిరుడు నేను చుట్టిందే, గంటల బొమ్మలది. ఎక్కడా చిరగలేదు. మడతల మీద నా గోటి గీతలున్నాయి. లోపల గుర్రం పొట్ట మీద నా పేరుంది.

దాని పక్కన, ఇంకో పేరు పట్టేంత చోటు నున్నగా ఉంది. ఎవరో ఉప్పుకాగితం పట్టారు. ఈనె వెంబడే, ఓపికగా, వడ్రంగి పట్టినట్టు. కాగితం మడతల్లో చెక్కపొడి ఇంకా తెల్లగా, తాజాగా ఉంది. నా చేతివేళ్ళు చూసుకున్నాను. ఏమీ లేదు. గోళ్ళ సందుల్లో మాత్రం కాస్త తెల్లగా ఉంది, అది పొట్లం విప్పినప్పుడు అంటింది అయ్యుండాలి.

ముడి మాత్రం నాదే.